సోషల్ మీడియా నుంచి వెబ్‌సైట్‌కు సరైన గిరాకీ: జహీరాబాద్ వ్యాపారులు తెలుసుకోవాల్సినవి

దుకాణం పెట్టేటప్పుడు మొదట చూసేది జాగా. జనం నడిచే దారిలో ఉందా, బస్టాండ్‌కు దగ్గరా, బండి ఆపుకోవడానికి వీలుందా అని పది సార్లు ఆలోచిస్తాం. వెబ్‌సైట్ పెట్టేటప్పుడు మాత్రం చాలామంది ఈ ప్రశ్న వేసుకోరు. సైట్ తయారవుతుంది, పేరు కొంటారు, ఫొటోలు పెడతారు, తర్వాత నెలల తరబడి దాన్ని చూసేవాళ్లు ఉండరు. ఎందుకంటే వెబ్‌సైట్ ముందు రోడ్డు ఉండదు. ఆ రోడ్డు మనమే వేసుకోవాలి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్, యూట్యూబ్ ఇప్పుడు అలాంటి రోడ్లే.

అయితే రోడ్డు మీద పోయే ప్రతి మనిషీ గిరాకీ కాదు. మార్కెటింగ్ భాషలో టార్గెటెడ్ విజిటర్ అంటే మీ సరుకు అవసరం ఉన్నవాడు, కొనగలిగినవాడు, మీరు సరుకు పంపగలిగే దూరంలో ఉన్నవాడు, మీరు చెప్పే భాష అర్థమయ్యేవాడు. ఈ నాలుగూ కలిసిన పది మంది సైట్‌కు వస్తే గల్లాలో పైసలు పడతాయి. ఇవేవీ లేని పదివేల మంది రీల్ చూసినా ఆ రోజు బోణీ కాకపోవచ్చు. చిన్న వ్యాపారుల ప్రకటన డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఈ తేడా దగ్గరే.

ఫేస్‌బుక్ పేజీ ఉంటే చాలదా?

చాలా దుకాణాలకు చాలు. టీ హోటల్, టైలర్ షాపు, మొబైల్ రిపేర్ లాంటివాటికి గూగుల్ మ్యాప్స్‌లో సరైన చిరునామా, సమయాలు, ఫొటోలు, ఒక వాట్సాప్ బిజినెస్ నంబర్ ఉంటే పని నడుస్తుంది. ధరల జాబితా చూపించాలన్నా, దూరానికి సరుకు పంపాలన్నా, కంపెనీలతో వ్యాపారం చేయాలన్నా సొంత సైట్ అవసరం అవుతుంది.

సొంతం అనే మాటకు బరువు ఉంది. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. అప్పటిదాకా అక్కడ లక్షల ఫాలోవర్లను పోగుచేసుకున్నవాళ్లకు ఒక్క రోజులో ఏమీ మిగల్లేదు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒకేసారి సుమారు ఆరు గంటలు ఆగిపోయాయి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో ఉచితంగా ఇచ్చిన చిన్న వెబ్‌సైట్లను గూగుల్ 2024 మార్చిలో మూసేసింది. సోషల్ మీడియా పేజీ కిరాయి దుకాణం లాంటిది. యజమాని ఎప్పుడు షట్టర్ దించుతాడో మన చేతిలో ఉండదు. అందుకే గిరాకీని అక్కడ పలకరించి, సొంత పేరుతో ఉన్న సైట్‌కు తీసుకురావాలి. వాళ్ల ఫోన్ నంబర్లు, ఆర్డర్ల లెక్క మన దగ్గర ఉండాలి.

ముందు తేల్చుకోవాల్సింది: మీ గిరాకీ ఎక్కడుంటాడు?

జహీరాబాద్ వ్యాపారాలను ఈ లెక్కన మూడు రకాలుగా చూడొచ్చు.

మొదటిది, మనిషి దుకాణానికి రావాల్సిన వ్యాపారం. బట్టల షాపు, ఫంక్షన్ హాల్, క్లినిక్, 65వ నంబర్ జాతీయ రహదారి మీద హోటల్. వీటికి టార్గెట్ అంటే దూరం. హోటల్‌వాళ్ల బిర్యానీ రీల్‌ను ముంబైలో కూర్చున్నవాళ్లు లక్ష మంది చూసినా ప్లేట్లు కదలవు. హైదరాబాద్ నుంచి హుమ్నాబాద్ వైపు కారులో పోయే కుటుంబానికి కనిపిస్తే కదులుతాయి. అలాంటి హోటల్ సైట్‌లో మొదట ఉండాల్సినవి మ్యాప్, పార్కింగ్, ఫ్యామిలీ సెక్షన్, నమాజ్ జాగా ఉందా లేదా, ఎన్ని గంటల దాకా తెరిచి ఉంటుంది అన్న వివరాలు.

రెండోది, పార్సిల్‌లో పంపగలిగే సరుకు. జొన్నలు, కొర్రలు, సామలు, పసుపు, పచ్చళ్లు, ఇత్తర్, చేతిపని వస్తువులు. వీటికి టార్గెట్ అంటే అభిరుచి. పక్కనే ఉన్న బీదర్ బిద్రీ పని చూడండి. ఆ కళలో షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ వచ్చింది. బిద్రీ పూలకుండీ కొనే మనిషి పక్క వీధిలోనే ఉండాలని లేదు. ఇల్లు అలంకరించుకునేవాడు, పెళ్లికి కానుక వెతికేవాడు దేశంలో ఎక్కడైనా ఉండొచ్చు. చిరుధాన్యాలు కూడా అంతే. ఊళ్లో పండేవే కాబట్టి ఇక్కడ వాటికి ప్రత్యేకత తక్కువ. షుగర్ ఉన్నవాళ్లు, తిండి మీద జాగ్రత్త పెట్టిన నగరం కుటుంబాలు వాటిని వెతుక్కుంటాయి.

మూడోది, కంపెనీలకు అమ్మే వ్యాపారం. జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ ప్లాంటు ఉంది. ఇలాంటి ప్లాంట్ల చుట్టూ విడిభాగాలు, ఫ్యాబ్రికేషన్, ప్యాకింగ్, రవాణా, క్యాంటీన్ పనులు చేసే చిన్న యూనిట్లకు చోటు ఉంటుంది. వీళ్లకు ఇన్‌స్టాగ్రామ్ ఫాలోవర్ల కన్నా లింక్డ్‌ఇన్‌లో పదిమంది పర్చేజ్ మేనేజర్లు ముఖ్యం. మెషిన్ పని చేస్తున్న రెండు నిమిషాల యూట్యూబ్ వీడియో, సైట్‌లో నెలకు ఎంత సరుకు ఇవ్వగలరో చెప్పే ఒక పేజీ, జీఎస్టీ నంబర్ ఉంటే మాట మొదలవుతుంది.

గల్ఫ్ సంగతి వేరే చెప్పుకోవాలి. మన దగ్గర చాలా ఇళ్లలో ఒకరైనా దుబాయ్‌లోనో జెద్దాలోనో ఉంటారు. ఊరి దుకాణం వీడియోలు వాళ్లు ఇష్టంగా చూస్తారు. హోటల్‌కు ఆ వ్యూస్ పనికిరావు. కానీ రంజాన్‌కు అమ్మకు చీర, పిల్లలకు బట్టలు, ఇంటికి డ్రైఫ్రూట్స్ పంపించే సౌకర్యం మీ సైట్‌లో ఉంటే అదే మనిషి మంచి గిరాకీ అవుతాడు. 2023లో ఎన్‌పీసీఐ యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్‌తో కలిపి పది దేశాల మొబైల్ నంబర్లతో ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాల నుంచి యూపీఐ వాడుకునే వీలు ఇచ్చింది. డబ్బు కట్టేది అక్కడ, సరుకు చేరేది ఇక్కడ. ఇలాంటి ఆర్డర్‌లో డెలివరీ అయ్యాక ఫొటో పంపిస్తామని సైట్‌లో రాస్తే నమ్మకం పెరుగుతుంది.

మ్యాప్ మీద గీసే వృత్తం, రాష్ట్ర సరిహద్దు

మెటా ప్రకటనల్లో మ్యాప్ మీద పిన్ను గుచ్చి, దాని చుట్టూ ఇన్ని కిలోమీటర్లు అని వృత్తం గీయొచ్చు. జహీరాబాద్ మీద పిన్ను పెట్టి 40 కిలోమీటర్లు అంటే బీదర్ కూడా అందులో పడుతుంది. అది సుమారు 30 కిలోమీటర్ల దూరం, కానీ వేరే రాష్ట్రం. హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు, కానీ మన రాష్ట్రమే. ప్రకటన ఇచ్చే ముందు ఈ విషయం గుర్తు పెట్టుకోవాలి. దీనికి జీఎస్టీతో సంబంధం ఉంది.

పన్ను పడే సరుకును వేరే రాష్ట్రానికి పంపి అమ్మితే, అమ్మకాలు ఎంత తక్కువైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కొన్ని చేతివృత్తి వస్తువులకు షరతులతో మినహాయింపు ఉంది. కంపోజిషన్ స్కీమ్‌లో ఉన్నవారు వేరే రాష్ట్రానికి సరుకు అమ్మడానికి వీల్లేదు. బీదర్ మనిషి మన దుకాణానికే వచ్చి చేతిలో పట్టుకుపోతే సాధారణంగా ఈ ఇబ్బంది రాదు. వెబ్‌సైట్‌లో ఆర్డర్ తీసుకుని బీదర్‌కు పార్సిల్ వేస్తే వస్తుంది. కాబట్టి రిజిస్ట్రేషన్ లేనివాళ్లు ప్రకటనలోంచి కర్ణాటక వైపును తీసేయడం, సైట్‌లో డెలివరీ పిన్‌కోడ్‌లను తెలంగాణకే పరిమితం చేయడం మంచిది. మీ అకౌంటెంట్‌తో ఒకసారి మాట్లాడి మొదలుపెట్టండి.

ఏ భాషలో పలకరించాలి?

జహీరాబాద్ బజార్‌లో ఒక్క గంట నిలబడితే తెలుగు, దక్కనీ ఉర్దూ, కన్నడ, అక్కడక్కడ మరాఠీ వినిపిస్తాయి. ప్రకటనలో భాషను ఎంచుకునే వీలుంది కదా, ఉర్దూ అని పెడితే ఉర్దూవాళ్లందరికీ పోతుందని అనుకుంటారు. అలా జరగదు. ఆ ఎంపిక చాలావరకు మనిషి తన అకౌంట్‌లో పెట్టుకున్న భాషను బట్టి పని చేస్తుంది. ఇంట్లో దక్కనీ మాట్లాడే కుర్రాళ్లలో చాలామంది ఫోన్‌ను ఇంగ్లిష్‌లోనే వాడతారు. ఉర్దూ లిపి చదవలేనివాళ్లు, తెలుగు మాట్లాడతారు కానీ చదవడం కష్టమయ్యేవాళ్లు కూడా మనలో ఉన్నారు. అందుకే ఇక్కడ రాతకన్నా మాట బాగా పని చేస్తుంది. భాష సెట్టింగ్‌ను వదిలేసి, వీడియోలో మామూలుగా మాట్లాడండి. ఒకే వస్తువుకు తెలుగులో ఒక వీడియో, దక్కనీలో ఒక వీడియో చేసి, ఒక్కోదానికి వేరే లింకు పెట్టండి. ఏది గిరాకీ తెస్తుందో వారంలో తెలిసిపోతుంది.

ఈ పద్ధతికి నమూనా మన దగ్గరే ఉంది. పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 2008 అక్టోబర్ 15న మాచ్‌నూర్‌లో సంఘం రేడియో మొదలుపెట్టాయి. అది దేశమంతా వినిపించాలని పెట్టింది కాదు. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లకు, వాళ్ల యాసలో, విత్తనాలు, పంటలు, ఆరోగ్యం గురించి చెప్పడానికి పెట్టింది. అదే సంస్థ ఏటా సంక్రాంతి దగ్గర మొదలుపెట్టే పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరుగుతారు. ఎవరికి చెప్పాలో వాళ్ల దగ్గరికే, వాళ్ల మాటతోనే పోవడం అన్నమాట. డీడీఎస్ మహిళా సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. చిన్న పరిధిలో గట్టిగా పని చేస్తే పేరు దూరం పోతుందని అనడానికి ఇది దగ్గరి ఉదాహరణ.

మతాన్ని బట్టి టార్గెట్ చేయొచ్చా అని అడిగేవాళ్లున్నారు. మతం, ఆరోగ్యం, రాజకీయ అభిప్రాయం లాంటి సున్నితమైన అంశాలతో ముడిపడిన టార్గెటింగ్ ఎంపికలను మెటా 2022 జనవరి 19 నుంచి తీసేస్తూ వచ్చింది. దాని అవసరం కూడా పెద్దగా లేదు. టోపీలు, ఇత్తర్, ఖజూర్, జానమాజ్‌ల వీడియో తన గిరాకీని తానే వెతుక్కుంటుంది. రంజాన్‌కు మూడు వారాల ముందు మొదలుపెట్టడం, ఇఫ్తార్ వేళ ఆపి తరావీహ్ తర్వాత పోస్టు చేయడం లాంటి సమయజ్ఞానం సెట్టింగుల కన్నా ఎక్కువ పని చేస్తుంది.

ఏ వేదిక నుంచి లింకు ఎలా పోతుంది?

వాట్సాప్: మన ఊరికి అన్నిటికన్నా దగ్గరి వేదిక ఇదే. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా పెట్టొచ్చు. కానీ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. అందుకే బిల్లు ఇచ్చేటప్పుడే నంబర్ సేవ్ చేసుకోమని చెప్పాలి. స్టేటస్‌లో ఒక్క వస్తువు, ధర, సైట్ లింకు పెడితే చాలు. రోజుకు ఇరవై స్టేటస్‌లు పెడితే మ్యూట్ చేస్తారు.

ఇన్‌స్టాగ్రామ్: పోస్టు కింద రాసిన లింకు నొక్కితే తెరుచుకోదు. ప్రొఫైల్‌లో ఐదు లింకుల దాకా పెట్టొచ్చు. స్టోరీలో లింక్ స్టిక్కర్ వాడొచ్చు. రీల్ చివర 'ప్రొఫైల్‌లో లింకు ఉంది' అని నోటితో చెప్పాలి.

యూట్యూబ్: షార్ట్స్ కింద, వాటి కామెంట్లలో పెట్టిన లింకులు 2023 ఆగస్టు 31 నుంచి నొక్కడానికి పని చేయడం లేదు. మామూలు వీడియో డిస్క్రిప్షన్‌లో పెట్టిన లింకు పని చేస్తుంది. కొర్రలు ఎలా వండాలి, వెండి తాపడం ఎలా శుభ్రం చేయాలి లాంటి పనికొచ్చే వీడియోలను ఏళ్ల తర్వాత కూడా వెతికి చూస్తారు.

ఫేస్‌బుక్: పల్లెల్లో, పెద్ద వయసువాళ్లలో ఇంకా బలంగా ఉంది. ఊరి గ్రూపుల్లో ప్రకటన పడేసి పోకుండా, అడిగినవాళ్లకు జవాబు ఇచ్చి లింకు ఇవ్వాలి.

నాలుగింట్లోనూ ఉండాలనే నియమం ఏమీ లేదు. ఒక్క మనిషి నడిపే దుకాణానికి రెండు చాలు.

లింకు నొక్కాక ఎక్కడ దిగాలి?

బెల్లం గురించి వీడియో చూసి లింకు నొక్కినవాడు సైట్ మొదటి పేజీలో దిగితే బెల్లాన్ని వెతుక్కోవాలి. వెతకడు, పోతాడు. నేరుగా బెల్లం పేజీలోనే దించాలి. ఆ పేజీలో వస్తువు ఫొటో, ధర, పార్సిల్ ఖర్చు, ఎన్ని రోజుల్లో వస్తుంది, పాడైతే ఏం చేస్తారు, వాట్సాప్ బటన్ ఉండాలి. ఫొటోల సైజు తగ్గించండి. పల్లెలో సిగ్నల్ సన్నగా ఉన్నచోట మీ పేజీ తెరుచుకుంటుందా లేదా స్వయంగా చూసుకోండి. ధర దాచి 'ఇన్‌బాక్స్‌లో అడగండి' అంటే సగం మంది అక్కడే ఆగిపోతారు.

ప్రకటన డబ్బు: కాగితం మీద లెక్క

బూస్ట్ బటన్ నొక్కడం తేలిక. అందులో మెటా మీకు లైకులు తెచ్చే మనుషులను వెతికే అవకాశం ఎక్కువ. సైట్‌కు జనం కావాలంటే యాడ్స్ మేనేజర్‌లో ట్రాఫిక్ అనే లక్ష్యం తీసుకుని, అందులో లింక్ క్లిక్స్ బదులు ల్యాండింగ్ పేజ్ వ్యూస్ ఎంచుకోవాలి. క్లిక్ అంటే వేలు తగలడం. ల్యాండింగ్ వ్యూ అంటే పేజీ నిజంగా తెరుచుకోవడం. ఇది లెక్క తెలియాలంటే సైట్‌లో మెటా పిక్సెల్ అనే చిన్న కోడ్ పెట్టించాలి.

ఒక ఊహా లెక్క చూద్దాం. 1,000 రూపాయల ప్రకటన. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 1,180. క్లిక్‌కు 4 రూపాయలు పడితే 250 క్లిక్‌లు. అందులో 200 మంది పేజీ చూశారు, ఆరుగురు కొన్నారు. ఆర్డర్‌కు 120 రూపాయలు మిగిలితే 720. అంటే 460 రూపాయల నష్టం. నష్టం లేకుండా బయటపడాలంటే 200 మందిలో పది మంది కొనాలి. ఇప్పుడు ఆ ఆరుగురి నంబర్లు వాళ్ల అనుమతితో లిస్టులో పెట్టుకున్నారు. మరుసటి నెల ముగ్గురు మళ్లీ కొన్నారు, ప్రకటన ఖర్చు లేకుండా ఇంకో 360 వచ్చింది. మొత్తం 1,080. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి ఇన్‌పుట్ క్రెడిట్‌కు అర్హత ఉంటే ఆ 180 తిరిగి వస్తుంది, లెక్క లాభంలోకి వస్తుంది. కంపోజిషన్‌లో ఉన్నవాళ్లకు ఆ క్రెడిట్ రాదు. చిన్న వ్యాపారానికి లాభం చాలాసార్లు రెండో ఆర్డర్‌లోనే ఉంటుంది. అది చూడకుండా రోజూ బూస్ట్ చేస్తే జేబు ఖాళీ అవుతుంది.

మీ పాత గిరాకీలను పోలినవాళ్లకు ప్రకటన చూపించే లుక్‌అలైక్ అనే సౌకర్యం కూడా ఉంది. దానికి ఒకే దేశం నుంచి కనీసం 100 మంది జాబితా కావాలి. ఆ సంఖ్య వచ్చాకే దాని జోలికి పోవాలి.

ఎవరు ఎటు నుంచి వచ్చారు?

లింకు చివర యూటీఎం అనే గుర్తులు తగిలించొచ్చు. ఏ వేదిక, ఏ రకం పోస్టు, ఏ ప్రచారం అని మూడు మాటలు చేర్చితే గూగుల్ అనలిటిక్స్‌లో వేరువేరుగా కనిపిస్తాయి. వాట్సాప్ స్టేటస్‌కు ఒకటి, ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్‌కు ఒకటి, దుకాణం కౌంటర్ మీద క్యూఆర్ కోడ్‌కు ఒకటి చేసుకోండి. ఇది కష్టమనిపిస్తే ఒక్కో వేదికకు ఒక్కో కూపన్ మాట పెట్టండి. నోట్‌బుక్‌లో గీతలు పెట్టుకున్నా లెక్క తెలుస్తుంది. వారానికి ఒకసారి చూడాల్సినవి మూడే: ఎంతమంది వచ్చారు, ఎంతమంది కొన్నారు లేదా ఫోన్ చేశారు, ఒక్కో ఆర్డర్‌కు ప్రకటన ఖర్చు ఎంత పడింది.

చట్టం, మోసాలు

డబ్బు తీసుకునో సరుకు ఉచితంగా తీసుకునో ప్రచారం చేసే ఇన్‌ఫ్లూయెన్సర్లు ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని కేంద్రం 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద మొదటిసారి 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు. 'షుగర్ నయం అవుతుంది' లాంటి మాటలు చిరుధాన్యాల పోస్టుల్లో రాయకండి. తిండి సరుకు పేజీలో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ చూపించండి. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం అనుమతి లేకుండా నంబర్లు వాడుకోవడానికి ఒప్పుకోదు. కొన్న నంబర్ల జాబితాకు మెసేజ్‌లు పంపితే చట్టం సంగతి అటుంచి, జనం రిపోర్ట్ కొడితే వాట్సాప్ నంబరే బ్లాక్ అవుతుంది.

ఫాలోవర్లను కొనడం కూడా అంతే నష్టం. వాళ్లు సైట్‌కు రారు, కొనరు, పైగా మీ అసలు గిరాకీ ఎవరో వేదికకు అర్థం కాకుండా చేస్తారు. 'మీ పేజీ మీద కాపీరైట్ ఫిర్యాదు వచ్చింది, 24 గంటల్లో ఈ లింకులో లాగిన్ కండి' అనే మెసేజ్‌లు పేజీలను దొంగిలించే పాత పన్నాగం. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి. పేజీకి ఇంట్లో నమ్మకమైన ఇంకొకరిని కూడా అడ్మిన్‌గా పెట్టండి. డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయండి.

మొదటి నెల ఇలా నడపొచ్చు

మొదటి వారం ఒక్క వస్తువు ఎంచుకుని దాని పేజీని సరిచేయండి, పిక్సెల్, అనలిటిక్స్ పెట్టించండి. రెండో వారం పైసా ఖర్చు లేకుండా పాత గిరాకీలకు వాట్సాప్‌లో లింకు పంపి, వాళ్లు ఎక్కడ తడబడ్డారో అడగండి. మూడో వారం తెలుగులో ఒకటి, దక్కనీలో ఒకటి వీడియో పెట్టండి. నాలుగో వారం రెండింటిలో ఎక్కువ ఆర్డర్లు తెచ్చినదానికే రోజుకు 100 నుంచి 200 రూపాయలు, ఐదు రోజులు పెట్టి చూడండి. నెలాఖరున వ్యూస్‌ను పక్కన పెట్టి ఆర్డర్‌కు పడిన ఖర్చును, ఆర్డర్ మీద మిగిలినదాన్ని పక్కపక్కన రాయండి. ఖర్చు తక్కువగా ఉంటే రెండో వస్తువుకు పోవచ్చు. ఎక్కువగా ఉంటే ప్రకటన ఆపి, ముందు పేజీని, ధరను, చూపిస్తున్న మనుషులను మార్చుకోవాలి.